పలక మారింది, పంతులు ఏరీ?

బడి పిల్లలకు తలా ఒక కంప్యూటరు పంచాలన్న ముచ్చట ఢిల్లీకి కొత్తది కాదు. 1984-85లోనే 250 పాఠశాలలతో ప్రయోగం ప్రారంభమైంది. అప్పుడు బడికి కొన్ని యంత్రాలు, ఇప్పుడు పిల్లవాడికొకటి. తేడా అంతే.

2006లో మాత్రం ఒక విశేషం జరిగింది. అమెరికా ఆచార్యుడు నికొలస్ నెగ్రొపాంటీ నూరు డాలర్ల లాప్‌టాప్ పథకంతో దేశదేశాల తలుపులు తట్టుతున్న రోజులవి. మన మానవ వనరుల మంత్రిత్వశాఖ వద్దన్నది. బోధన దృష్ట్యా ఆ పథకం సందేహాస్పదమనీ, ముందు కావలసింది తరగతి గదులూ ఉపాధ్యాయులూ అనీ విద్యాశాఖ కార్యదర్శి సుదీప్ బెనర్జీ స్పష్టం చేశారు. శాస్త్రిభవన్ ఇంత సూటిగా మాట్లాడడం అరుదు.

ఆ మాటకు సాక్ష్యం పెరూ దేశంలో దొరికింది. అక్కడి ప్రభుత్వం అవే లాప్‌టాప్‌లను లక్షల సంఖ్యలో పంచింది. 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించిన అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో ఫలితం వెల్లడించారు. యంత్రాలు అనేక రెట్లు పెరిగాయి; లెక్కల్లో గాని, భాషలో గాని పిల్లలు మెరుగుపడిన ఆధారం కనబడలేదు.

ఢిల్లీ తన మాటను తానే మరచింది. 2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ 'ఆకాశ్' టాబ్‌ను ఆర్భాటంగా ఆవిష్కరించారు. కళాశాల విద్యార్థుల కోసం ఉద్దేశించిన ఆ చవక యంత్రం మందకొడితనం గురించిన ఫిర్యాదులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి.

ఇక మన సంగతి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి టాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం విలువ 686 కోట్ల రూపాయలు. దీనిని ఓట్ల వేటగా కొట్టివేసేవారితో నేను ఏకీభవించను. కోవిడ్ కాలంలో ఇంట్లో ఫోను లేక చదువు ఆగిపోయిన పిల్లలను చూసిన సమాజం మనది. కలవారి బిడ్డ చేతిలోని వస్తువు కూలివాని బిడ్డకూ అందడం చిన్న విషయం కాదు.

అభ్యంతరం మరొకచోట ఉన్నది. యంత్రం ప్రభుత్వానిది, అందులోని పాఠం బైజూస్ అనే ప్రైవేటు కంపెనీది. ఉచితమే, నిజమే. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టిన ఆ కంపెనీ 2024 జూలైలో బెంగుళూరు కంపెనీ లా ట్రిబ్యునల్ ఎదుట దివాలా ప్రక్రియలోకి ప్రవేశించింది. అంతకు నెల ముందే రాష్ట్రంలో ప్రభుత్వమూ మారింది. రేపు సిలబస్ మారితే ఆ పాఠాలను దిద్దే బాధ్యత ఎవరిది? ఉచితంగా ఇచ్చినవానిని నిలదీసే హక్కు ఏ ఒప్పందం ఇస్తుంది?

పెద్ద యంత్రాలను తెచ్చుకోవడం మనకు చేతకాని పనేమీ కాదు. భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించే నందిని గనుల ప్రాంతమంతా తెలుగువారికి పరిచితమే; బతుకుతెరువుకు మనవాళ్లెందరో భిలాయి చేరారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభం. ఈలోగా మన ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి పని నేర్చుకువచ్చారు. కొలిమి ముందు తెచ్చి, దానిని నడిపేవాడి సంగతి తరువాత చూద్దామని ఎవరూ అనలేదు. బడి దగ్గరకు వచ్చేసరికి ఆ ఇంగితం ఎందుకు లోపిస్తున్నదో నాకు అంతుపట్టదు.

కేరళ వేరు దారి పట్టింది. 2001లో మొదలైన ఐ.టి. ఎట్ స్కూల్ పథకం ముందుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. సాఫ్ట్‌వేరు ఎవరైనా వాడుకొని మార్చుకోగలది. దానిని దిద్దుకునేది ప్రభుత్వ సంస్థే. ఆ తరువాతనే 45,000 తరగతి గదులకు పరికరాలు చేరాయి. అవి పిల్లల సంచులలోకి కాదు, పంతులు బల్ల మీదికి వెళ్లాయి. విజయవాడ నుంచి తిరువనంతపురానికి రైలున్నది. మన అధికారులు ఒకసారి ఎక్కి చూడవచ్చు.