బండి వెంట కుక్క ఎందుకు పడుతుంది?

రాత్రి పదకొండు. స్టడీ హాల్ నుంచి రూమ్‌కి వస్తున్నారు. సందు మలుపులో నాలుగు కుక్కలు. మీరు బండి వేగం పెంచుతారు. అవీ పెంచుతాయి. ఈ అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

బీటెక్ థర్డ్ ఇయర్‌లో నేను ఇలాగే పడ్డాను. కుక్క కరవలేదు. తప్పించుకోబోయి స్పీడ్ బ్రేకర్ మీద నేనే స్కిడ్ అయ్యాను. మోచేతికి నాలుగు కుట్లు, మర్నాడే సెమిస్టర్ పరీక్ష. కట్టు కట్టిన చేత్తోనే మూడు గంటలు రాశాను. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ సందు మానేసి కిలోమీటరు చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. పగలు టీకొట్టు దగ్గర నా బిస్కెట్ తిని తోక ఊపిన కుక్కే కదా అది! రాత్రి దానికి ఏమయింది?

జవాబు కోసం కోడింగ్ కాస్త పక్కనపెట్టి బయాలజీ చదివాను. తెలిసిందేంటంటే, దానికేమీ కాలేదు. తోక ఊపడం, తరమడం రెండూ దానికి వారసత్వంగా వచ్చినవే.

సగంలో ఆగిన వేట

కుక్క, బూడిదరంగు తోడేలు ఒకే వంశానివి. తోడేలు వేట ఒక వరుసలో సాగుతుంది. చూడటం, పొంచి నడవటం, తరమటం, పట్టుకోవటం, చంపటం. మనిషి పెంపకంలోకి వచ్చాక ఈ మెట్లలో కొన్ని బలహీనపడ్డాయి, కొన్ని మిగిలాయి. గొర్రెలు కాసే బోర్డర్ కోలీలో పొంచటం, తరమటం బలంగా ఉంటాయి. చంపే మెట్టు బాగా తగ్గిపోయింది. అందుకే అది మందను తోలుతుంది గానీ తినదు.

మన వీధి కుక్కలోనూ తరిమే మెట్టు మిగిలే ఉంది. తిరిగే చక్రం, పరిగెత్తే కాలు దాన్ని నిద్రలేపుతాయి. పైగా సందు దాని ఇలాకా. పగలు జనం సందడిలో పట్టించుకోదు. రాత్రి నిర్మానుష్యంగా ఉన్నప్పుడు ప్రతి అలికిడీ అనుమానమే.

మచ్చిక ఎలా వచ్చింది?

మరి తోక ఊపటం సంగతి? 1959లో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో దిమిత్రి బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త నక్కలపై ఓ ప్రయోగం మొదలుపెట్టారు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువగా బెదిరే, కరవడానికి రాని నక్కలనే ఎంచి వాటికే పిల్లలు పుట్టేలా చూశారు. శిక్షణేమీ ఇవ్వలేదు. ఆరో తరానికే మనుషుల దగ్గరికి చేరి, మూలుగుతూ, చేతులు నాకే పిల్లలు పుట్టాయి. అంటే మచ్చిక నేర్పితేనే వచ్చేది కాదు, రక్తంలోనూ దిగుతుంది.

కుక్కల విషయంలో ఇది కనీసం 14 వేల ఏళ్ల కిందటి మాట. జర్మనీలోని బాన్ సమీపంలో అంత పాతకాలపు సమాధిలో ఇద్దరు మనుషులతో పాటు కుక్క ఎముకలూ దొరికాయి.

మన తిండి కూడా దాని ఒంట్లో మార్పు తెచ్చింది. పిండి పదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలులో రెండు కాపీలుంటే, కుక్కల్లో 4 నుంచి 30 వరకు ఉన్నాయని 2013లో వెల్లడైంది. మనం పారేసిన అన్నంతో వీధి కుక్క బతకగలుగుతోందంటే కారణం ఇదీ ఒకటి.

కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం మన వీధి కుక్కల మీదే పనిచేస్తోంది. మూత పెట్టిన రెండు గిన్నెల్లో ఒకదాన్ని వేలితో చూపిస్తే, దగ్గరికొచ్చిన కుక్కల్లో దాదాపు 80 శాతం చూపించిన గిన్నె వైపే వెళ్లాయి. ఎవరూ నేర్పకుండానే! అయితే దాదాపు సగం కుక్కలు బెరుకుతో అసలు దగ్గరికే రాలేదు. రాళ్లు తిన్న కుక్క చేయి చూస్తే జంకదా మరి!

ఎదురైతే ఏం చేయాలి?

* పరుగెత్తొద్దు. బండి వేగం తగ్గించండి, అవసరమైతే ఆపండి.
* కళ్లలోకి గుచ్చి చూడొద్దు. వీపు చూపించకుండా నెమ్మదిగా దాటండి.
* మీదికొస్తే బ్యాగునో, బండినో మీకూ దానికీ మధ్య ఉంచండి.
* తింటున్న కుక్క, కూనలున్న తల్లి దగ్గరికి వెళ్లొద్దు.
* కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, సున్నం, ఆకుపసర్లు పూయొద్దు. రేపు ఇంటర్వ్యూ ఉందని వాయిదా వేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తిచేయాలి.

ఆసక్తి ఉంటే..

జంతువుల ప్రవర్తన అధ్యయనం ఒక పూర్తి స్థాయి శాస్త్రం. పేరు ఇథాలజీ. లైఫ్ సైన్సెస్ విద్యార్థులు ఐసర్ లాంటి సంస్థల్లో పీహెచ్‌డీ వైపు చూడొచ్చు. మన తిరుపతిలోనూ ఐసర్ ఉంది. కోడింగ్ వచ్చినవాళ్లకూ ఇక్కడ పని ఉంది. గంటల కొద్దీ వీడియోల్లో కదలికలను గుర్తించి లెక్కగట్టే ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు ఈ రంగానికి కావాలి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతుంటే ఇదీ ఆలోచించండి.

ఈ మధ్య పనిమీద కాలేజీకి వెళ్లి, రాత్రి ఆ సందులోంచే వచ్చాను. కుక్కలు వేరేవి. గుండె దడ మాత్రం పాతదే. బండి నెమ్మది చేశాను. రెండు మొరిగాయి, నాలుగడుగులు వచ్చి ఆగిపోయాయి. ఈసారి చుట్టూ తిరగకుండానే రూమ్‌కి చేరాను.