యజమాని చేతిలో కాగితం - గ్రీన్ కార్డు నిరీక్షణ, కులం

నారాయణఖేడ్ ప్రాంతంలో వలస అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు మహారాష్ట్ర. 2016 దాకా మెదక్ జిల్లాలో, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతపు దళితవాడల నుంచి, లంబాడీ తండాల నుంచి కుటుంబాలు చెరుకు నరకడానికి కదిలిపోతాయి. మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్న ఆలుమగలు ఆ బాకీ తీరేదాకా ఇంకోచోట పనికి పోలేరు. కూలి తక్కువని తెలిసినా, మాట పడ్డా, పిల్లకు జ్వరమొచ్చినా అక్కడే ఉండాలె. బయానా అంటే డబ్బు ఒక్కటే కాదు, మనిషిని కదలనియ్యని ముడి.

ఇప్పుడు ఈ వాడల పిల్లలకు ఇంకో వలస దారి కూడా కనిపిస్తోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగు, అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయంతో అమెరికాలో ఎం.ఎస్. అక్కడికి ఎట్లా పోవాలో చెప్పే కన్సల్టెన్సీలు హైదరాబాదులో వీధికొకటి ఉన్నాయి. పోయిన తర్వాత ఏమైతదో చెప్పేవాళ్ళు లేరు. చదువు, ఉద్యోగం, ఆపైన కంపెనీ పెట్టించే గ్రీన్ కార్డు దరఖాస్తు, దాని కోసం ఏళ్ళ తరబడి నిరీక్షణ. ఈ నిరీక్షణ ఎట్లా పనిచేస్తుంది, అందులో అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, కులం అందులోకి ఎట్లా దూరుతుంది అన్నవి దళిత విద్యార్థులకు, వాళ్ళకు చదువు చెప్పే ఉపాధ్యాయులకు తెలియాల్సిన విషయాలని మేము భావిస్తున్నాం.

వరుస ఎట్లా తయారయింది

అమెరికాలో శాశ్వత నివాస హక్కు ఇచ్చే కార్డునే గ్రీన్ కార్డు అంటున్నాం. 1990 నాటి వలస చట్టం ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది. ఇందులో ఉద్యోగితో పాటు భార్య లేదా భర్త, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ 7 శాతం మించి ఇవ్వకూడదు. ఐస్‌లాండుకూ అదే పరిమితి, భారతదేశానికీ అదే పరిమితి. మన ఇంజనీర్లు ఎక్కువగా నిలబడే వరుసలు రెండు: ఈబీ-2, ఈబీ-3. ఒక్కో వరుసకు ఏడాదికి 40,000 కార్డులనుకుంటే అందులో భారతదేశం వాటా రమారమి 2,800. ఇతర దేశాలవాళ్ళు వాడుకోకుండా మిగిలినవి ఉంటే కలుస్తాయి, లేకపోతే లేదు. అదే చట్టం హెచ్-1బి అనే తాత్కాలిక పని వీసాను కూడా సృష్టించింది. అంటే పనికి పిలిచే తలుపు వెడల్పుగా, ఉండనిచ్చే తలుపు ఇరుకుగా ఒకేసారి కట్టారు. ఇది పొరపాటున జరిగిందని అనుకోవడానికి లేదు. పనిచేసే చేతులు కావాలి, ఆ చేతులకు హక్కులు మాత్రం ఆలస్యంగా రావాలి.

దరఖాస్తు మూడు మెట్లు. మొదటిది పెర్మ్. ఈ పనికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ కార్మిక శాఖకు రుజువు చెయ్యాలి. రెండోది ఐ-140, ఫలానా మనిషి మాకు కావాలని కంపెనీ పెట్టే పిటిషన్. మూడోది ఐ-485, ఉద్యోగి తన పేరున తాను పెట్టుకొనే దరఖాస్తు. పెర్మ్ దాఖలైన రోజే ఆ ఉద్యోగికి వరుసలో తేదీ అవుతుంది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ వేస్తుంది. అందులో తన తేదీ వచ్చేదాకా సాధారణంగా మూడో మెట్టు ఎక్కనియ్యరు. 2025 ఆగస్టు బులెటిన్‌లో భారతీయులకు ఈబీ-2 తేదీ 2013 జనవరి 1, ఈబీ-3 తేదీ 2013 మే 22. అంటే పన్నెండేళ్ళ కింద దరఖాస్తు పడినవాళ్ళ వంతు అప్పుడు నడుస్తోందన్నమాట. అయితే ఈ రోజు చేరేవాళ్ళకు కూడా పన్నెండేళ్ళే పడుతుందనుకుంటే తప్పు. వెనక చేరినవాళ్ళ సంఖ్య అంతకంతకూ పెరిగింది. కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన అంచనా ప్రకారం ఉద్యోగ వరుసల్లో 18 లక్షల మంది పేరుకుపోయి ఉంటే అందులో 11 లక్షల మంది భారతీయులే. కొత్తగా చేరే భారతీయునికి 134 ఏళ్ళు పడుతుందని అదే అంచనా. మనిషి ఆయుష్షును మించిన వరుసను వరుస అనవచ్చునా?

ముడి ఎక్కడుంది

హెచ్-1బికి మామూలుగా ఆరేళ్ళ గడువు. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నవాళ్ళు ఆరేళ్ళు దాటినా పొడిగించుకోవచ్చునని 2000లో చట్టం చేశారు. ఇది ఊరటే. కానీ ఆ పొడిగింపు కూడా కంపెనీయే అడగాలి. మొదటి రెండు మెట్లూ కంపెనీవే. వేరే కంపెనీకి మారితే పెర్మ్, ఐ-140 మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి. పాత తేదీ నిలుస్తుంది కానీ కొత్త కంపెనీ అంత ఖర్చు పెట్టడానికి ఒప్పుకోవాలి. పదోన్నతితో పని స్వభావం బాగా మారితే కూడా కొత్త పెర్మ్ అవసరం పడవచ్చు. ఉద్యోగం పోతే 60 రోజుల లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా ఇంకో రకం వీసాకు మారాలి, లేదా దేశం విడిచిపోవాలి.

ఇల్లంతా ఈ ముడికే కట్టుబడి ఉంటుంది. భార్య లేదా భర్త హెచ్-4 మీద ఉంటారు. 2015 మే వరకు వాళ్ళకు పని చేసే హక్కే లేదు. ఆ తర్వాత ఐ-140 ఆమోదం పొందినవాళ్ళ జీవిత భాగస్వాములకు పని అనుమతి వచ్చింది. చిన్నప్పుడే వెంట వచ్చిన పిల్లలు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. 2002 చట్టం వయసు లెక్కలో కొంత సడలింపు ఇచ్చింది గానీ ఇంత పొడుగు వరుసకు అది చాలదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు ఆయన భార్య సునయన దుమాల భర్తతో పాటు ఆ దేశంలో ఉండే హక్కును కూడా పోగొట్టుకుంది. ఆమె నివాసం భర్త వీసాకు కట్టి ఉంది కాబట్టి. ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే ఆమెకు పని వీసా వచ్చింది. అందరికీ కాంగ్రెస్ సభ్యుడు దొరకడు గదా.

గల్ఫ్ పోయినోళ్ళకు ఇట్లాంటి ముడి కఫీల్ పేరుతో తెలుసు. అక్కడ కూలీ ఎన్నేళ్ళు చేసినా యజమాని ద్వారా శాశ్వత నివాసం అనే ఆశే ఉండదు. అమెరికాలో ఇంజనీరుకు ఆశ ఉంది. ఆ ఆశ చూపించే అతన్ని నిలబెడతారు. లక్షల జీతగాడినీ చెరుకు నరికే కూలీనీ ఒక్క గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. ఆకలికీ అనిశ్చితికీ తేడా ఉంది. మేము చెప్పేది శ్రమ సంబంధం గురించి. కాగితం యజమాని చేతిలో ఉన్నప్పుడు పనివాని నోరు కూడా యజమాని చేతిలోనే ఉంటుంది.

కులం ఎక్కడ దూరుతుంది

చట్టం కంటికి వరుసలోని భారతీయులంతా ఒక్కటే. కానీ వరుసలో నిలబడ్డవాళ్ళు ఒక్కటి కారు. తాతల నాటి భూమి, హైదరాబాదులో ఇల్లు, అప్పటికే అమెరికాలో స్థిరపడ్డ మేనమామ ఉన్నవాడికి నిరీక్షణ ఒక చికాకు. ఉద్యోగం పోయినా తిరిగొచ్చి నిలదొక్కుకుంటాడు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివి, అప్పు మీద పోయిన దళిత పిల్లకు 60 రోజులంటే అంచున నిలబడడమే. పైగా ఆమె ఒక మాట దాచుకొని బతకాలి. ఇంటి పేరు అడుగుతారు, ఊళ్ళో ఎక్కడుంటారని అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు, ఎంసెట్ ర్యాంకు అడుగుతారు. ఇవన్నీ ఒకటే ప్రశ్న అని మనకు తెలుసు. అడిగేవాడు మన తెలుగువాడే, పై అధికారి కూడా అయితే ఆమె పెర్మ్ కదలాలన్నా ఆగాలన్నా అతని మాట అవసరం.

2020 జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల శాఖ సిస్కో కంపెనీ మీద వేసిన దావా ఈ విషయాన్ని మొదటిసారి కోర్టుకెక్కించింది. ఒక దళిత ఇంజనీరు రిజర్వేషన్‌లో ఐఐటీకి వచ్చాడని పై కులం అధికారి తోటివారికి చెప్పాడని, ఫిర్యాదు చేస్తే కక్ష సాధించారని ఆరోపణ. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు అధికారుల మీద కేసును ఆ శాఖే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద దావాను మాత్రం వదులుకోలేదు. తీర్పు సంగతి ఎట్లున్నా, ఆ ఇంజనీరు పేరు కోర్టు కాగితాల్లో లేదు. మారుపేరుతోనే ఫిర్యాదు నడిచింది. అమెరికాలో కూడా దళితుడు న్యాయం అడగాలంటే పేరు దాచుకోవాల్సి వచ్చిందన్నది తీర్పు కన్నా ముందే మనకు అర్థం కావాల్సిన సంగతి.

ఈక్వాలిటీ ల్యాబ్స్ 2018లో ప్రచురించిన సర్వేలో మూడింట రెండు వంతుల మంది దళితులు పనిచేసేచోట అన్యాయం ఎదురైందని చెప్పారు. ఆ సర్వేలో పాల్గొన్నవాళ్ళు తమంత తాముగా ముందుకొచ్చినవాళ్ళు కాబట్టి ఆ లెక్కను మొత్తానికి వర్తింపజేయలేమన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజముంది. అయితే నోరు తెరిస్తే వీసా పోతుందన్న భయం ఉన్నచోట ఫిర్యాదుల సంఖ్య తక్కువగా ఉండడాన్ని వివక్ష లేదనడానికి రుజువుగా చూపడం అంతకన్నా పెద్ద తప్పు.

న్యాయం ఎవరికి

పుట్టిన దేశాన్ని బట్టి వరుస పెట్టడం వివక్ష అని మన ప్రవాస ఇంజనీర్లు చాలాకాలంగా పోరాడుతున్నారు. 2019 జులైలో ఉద్యోగ వరుసల్లో దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లును ప్రతినిధుల సభ 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపంలో ఆమోదించింది. రెండూ కలవక అది చట్టం కాలేదు. ఈ పోరాటం న్యాయమైనదే. పుట్టుకను బట్టి మనిషి వంతు నిర్ణయించకూడదన్న వాదన దళితులకు కొత్తది కాదు, అది మన వాదనే.

అయితే అదే వాదనను కులానికి వర్తింపజేసేసరికి చాలామంది గొంతు మారింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఎస్‌బీ-403 బిల్లును ఆమోదిస్తే ప్రవాస సంఘాలు కొన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఇప్పుడున్న చట్టాలే చాలునని అక్టోబరులో గవర్నర్ దాన్ని తిప్పి పంపాడు. పుట్టిన దేశం లెక్కలోకి రాకూడదనేవాళ్ళు పుట్టిన కులం గురించి మాట్లాడితే పరువు పోతుందనడం ఏం న్యాయం?

అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయాడు. తిరిగొచ్చి పదేళ్ళు సంస్థానంలో కొలువు చెయ్యాలన్నది ఒప్పందం. 1917లో కొలువుకు పోతే తల దాచుకోవడానికి ఇల్లు దొరకలేదు, చేరిన పార్సీ సత్రం నుంచి వెళ్ళగొట్టారు. ఒప్పందం ప్రకారం అక్కడ ఉండి తీరాలి, కులం ప్రకారం ఉండడానికి చోటు లేదు. ఈనాటి దళిత ఇంజనీరు పరిస్థితిని అర్థం చేసుకోవడానికి ఈ చరిత్ర ఎంతో అవసరం.

ఏం తెలుసుకొని పోవాలి

పోవద్దని చెప్పడం మా పని కాదు. పోయే హక్కు దళితులకు అందరికన్నా ఎక్కువగా ఉంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు దేశం బయటి నుంచి పిలిపించుకొనే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో దారి ఇంకా ఇరుకైంది. కాబట్టి తెలిసి పోవాలంటున్నాం.

పెర్మ్ ఖర్చు కంపెనీయే భరించాలని 2007 నుంచి నిబంధన ఉంది. ఆ ఖర్చు జీతంలో కోసుకుంటామన్నా, బాండు రాయమన్నా అనుమానించాలి. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా వరుసలో తేదీ పోదు, పొడిగింపుకూ అది పనికొస్తుంది. ఆ ఆమోద పత్రం నకలు దగ్గర పెట్టుకోవాలి. కంపెనీ ఇవ్వకపోతే మన సమాచార హక్కు చట్టం లాంటిది అక్కడా ఉంది, తన ఫైలును తాను అడగవచ్చు. ఐ-485 దాఖలై 180 రోజులు దాటితే అదే తరహా ఉద్యోగానికి మారవచ్చు. జీతం ఎగ్గొడితే కార్మిక శాఖకు ఫిర్యాదు చెయ్యవచ్చు. ఆమోదం పొందిన ఐ-140 ఉండి యజమాని కక్ష సాధింపుకు గురైనవాళ్ళు షరతులకు లోబడి ఏడాది పని అనుమతి కోరే వీలు కూడా 2017 నుంచి ఉంది. అవమానం జరిగిన రోజునే తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. రాసింది లేకపోతే రేపు సాక్ష్యం లేదు.

ఉపాధ్యాయులు, కార్యకర్తలు ఈ సంగతులను ఇంజనీరింగు రెండో ఏడాదిలోనే పిల్లలకు చెప్పాలి, తల్లిదండ్రులకూ చెప్పాలి. పొలం కుదువ పెట్టి పంపే తండ్రికి కొడుకు ఎన్నేళ్ళకు స్థిరపడతాడో కాదు, స్థిరపడకపోవచ్చునని కూడా తెలియాలి. విద్యానిధి ఇచ్చే ప్రభుత్వం చేతిలో డబ్బు పెట్టి పంపడంతో సరిపెట్టక ఈ చట్టాల గురించి శిక్షణ కూడా ఇవ్వాలని డిమాండ్ చెయ్యాలి. దేశాల పరిమితికి వ్యతిరేకంగా నడిచే ఉద్యమంలో దళితులు కలిసి నడవాలి, నడుస్తూనే అందులో కులం ప్రశ్న ఎత్తాలి. వరుస పొడుగు తగ్గినంత మాత్రాన వరుసలోని అంటరానితనం దానంతటది తగ్గదు. ఆ రెండు పనులూ ఒకేసారి జరగాలి.