నాన్న తాగిన అర గ్లాసు టీ

నాన్నకి ఎండోస్కోపీ రాశారని తెలిసినప్పుడు నాకు భయమేసింది గొట్టం గురించి కాదు, మత్తు గురించి. అందుకే కూర్చుని చదివాను. అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను. రేపు మీ ఇంట్లో వాళ్ళకి తోడుగా వెళ్ళేది మీరే కావచ్చు.

మత్తు అంటే అందరికీ ఒకటే కాదు. కొందరికి గొంతులో లిడోకెయిన్ స్ప్రే కొడితే చాలు, మెలకువలోనే పని అయిపోతుంది. మిడాజొలాం ఇస్తే మగతగా ఉంటారు, పిలిస్తే పలుకుతారు. నొప్పి తెలియకుండా దానికి ఫెంటనిల్ కలుపుతారు. ఈ రెండింటికీ విరుగుడు మందులున్నాయి: ఫ్లూమాజెనిల్, నలాక్సోన్. పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ అయితే నిమిషంలోపే నిద్రపుచ్చుతుంది, ఆపిన కొద్ది నిమిషాలకే మెలకువ వస్తుంది. కానీ దానికి విరుగుడు లేదు. అన్‌డూ బటన్ లేదన్నమాట! అందుకే దాన్ని ఇచ్చేవాళ్ళకి ప్రత్యేక శిక్షణ ఉండాలి. ఏ మందైనా కొంచెం ఇచ్చి, ఆగి, చూసి మళ్ళీ ఇవ్వడమే పద్ధతి. వయసు మళ్ళినవాళ్ళకి ఇంకా తగ్గిస్తారు.

అసలు ప్రమాదం ఊపిరితో. మత్తు లోతయ్యేకొద్దీ అది మందగిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కోవిడ్ పుణ్యమా అని మనందరికీ తెలుసు. అది చెప్పేది రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో మాత్రమే. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి ఆగినా కాసేపు 98 అనే చూపిస్తుంది. సర్వర్ పడిపోయినా డాష్‌బోర్డు పచ్చగానే ఉన్నట్టు. కాప్నోగ్రఫీ అలా కాదు. మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని ప్రతి శ్వాసకీ గీతగా చూపిస్తుంది. ఊపిరి ఆగితే గీత వెంటనే పడిపోతుంది. ఈ మెషిన్ ఉన్నా లేకున్నా, రోగినే చూస్తూ ఉండే మనిషి ఒకరు ఉండాలి. ఎండోస్కోపీ చేసే డాక్టరు కళ్ళు స్క్రీన్ మీదే ఉంటాయి కదా.

ఇదంతా చదివి వెళ్ళానా, ఆ రోజు నర్సు "ఏమైనా తిన్నారా, తాగారా?" అని అడిగింది. నాన్న "ఏం లేదమ్మా" అన్నారు. పొద్దున వంటింట్లో అర గ్లాసు టీ తాగడం నేను చూశాను. ఆయనకి దొరికింది ఒక్కరోజు సెలవు, అది పోతుందని ఆయన బాధ.

మత్తులో గొంతు కాపలా సడలుతుంది. కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మంచినీళ్ళైతే 2 గంటల ముందు ఆపితే చాలంటారు. పాలు కలిసిందైతే 6 గంటలు. అందరి ముందు నాన్న మాట కాదనడం నాకు అలవాటు లేదు. అయినా చెప్పేశాను.

మధ్యాహ్నానికి వాయిదా వేశారు. అప్పటిదాకా నాన్న నాతో మాట్లాడలేదు.

అందుకే మీకూ చెప్తున్నా. గురక, అలర్జీలు, వాడే మందులు, ఇదివరకు మత్తుతో వచ్చిన ఇబ్బంది, అన్నీ డాక్టరుకి ముందే చెప్పండి. లోపల మెషిన్లు చూడగలిగేవి వేరు, మనం దాచినవి వేరు.

అంతా బాగానే జరిగింది. బయటికి రాగానే నాన్న అడిగిన మొదటి మాట: "ఇప్పుడైనా టీ తాగొచ్చా?" గొంతు తిమ్మిరి పోయేదాకా ఆగాలని నర్సు చెప్పింది. 24 గంటలు బండి నడపకూడదని కూడా. తాళాలు నా జేబులో పెట్టుకుని ఆటో పిలిచాను.