ముక్కుకు అందని ముప్పు

ఇంట్లో పెట్టిన నిల్వ పచ్చడి మీద అనుమానం రాగానే అందరూ చేసే పని వాసన చూడటం. పచ్చడి పాడయిందో లేదో చాలావరకు ముక్కు చెప్పేస్తుంది. అది ప్రాణం మీదికి తెస్తుందా అన్నది మాత్రం ముక్కుకు అందదు. క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా చేసే విషానికి రంగూ రుచీ వాసనా ఉండవు. అందుకే జాడీ ఇప్పుడెలా ఉందన్న దానికన్నా, అందులోకి పులుపు, ఉప్పు, తడి ఎంతెంత వెళ్లాయన్నదే ముందు చూడాలి.

ఈ లెక్కలో ఆవకాయకు ఎదురులేదు. బొటులినమ్ 4.6, అంతకన్నా తక్కువ పీహెచ్ ఉన్న పులుపులో పెరగలేదు. పచ్చిమామిడి పీహెచ్ 3 దగ్గర్లో ఉంటుంది. ఊటలో ఉప్పు పది శాతం దాటినా దాని ఆట సాగదు. ఆవపిండి ఘాటు బూజును అణిస్తే, పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. మూడో రోజు తిరగకలపడం ఎందుకంటే, ఉప్పూ పులుపూ అట్టడుగు ముక్క దాకా చేరడానికి. తడి గరిటె పెట్టొద్దన్న పెద్దల గద్దింపు వెనకా ఇదే లెక్క ఉంది: నీటి చుక్క పడినచోట ఉప్పు పలచబడుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. గోంగూర, చింతకాయ, నిమ్మకాయ పచ్చళ్లను కాచేదీ ప్రధానంగా పులుపే. టమాటా కాస్త అంచున ఉంటుంది. బాగా పండి తియ్యగా మారిన పండులో పీహెచ్ 4.6 దాటవచ్చు కాబట్టి, నిల్వ పచ్చడిలో వేసే చింతపండు రుచికే కాదు, రక్షణకు కూడా.

కంటికి కనిపించే మార్పులన్నీ ఒక్కటి కావు. ముక్క మెత్తబడటం, పాత ఆవకాయ నల్లబడటం వయసు లక్షణాలు. నిమ్మకాయ పచ్చడిలో తెల్లగా పేరుకున్నది బూజేనా, ఉప్పు గడ్డలా అని అనుమానమొస్తే కాస్త నీళ్లలో వేసి చూడాలి, ఉప్పయితే కరిగిపోతుంది. నూనె ముక్కవాసన వేస్తే ఆ పూటకు ప్రాణాపాయమేమీ ఉండదు గానీ, తినాల్సిన అవసరమూ లేదు. బూజు సంగతి వేరు. పైన తీసి పారేసి, కాచిన నూనె పోసి వాడుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. కానీ మెత్తని పచ్చడిలో బూజు పోగులు కంటికి కనిపించేదానికన్నా లోతుకు దిగుతాయి. కొన్ని బూజులు పులుపును తినేసి పీహెచ్ పెంచుతాయి, అంటే కాపలా ఉన్నదాన్నే తీసేస్తాయి. ఏడాది కష్టం పారబోయడం ఎవరికైనా బాధే. అయినా బూజు పట్టిన పచ్చడికి అదే మార్గం. మూత ఉబ్బినా, తీయగానే బుస్సుమని పొంగినా, దాన్ని రుచి చూసి తేల్చుకుందామనుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. బొటులినమ్ విషం చిటికెడైనా చాలు.

కొత్త పద్ధతులతోనే అసలు చిక్కు. నూనె పులుపునివ్వదు, గాలిని మాత్రం ఆపుతుంది; బొటులినమ్‌కు కావలసిందీ గాలి లేని చోటే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, ఫ్రిజ్ బయట నిల్వ ఉన్న, నూనెలో వేసిన వెల్లుల్లి తిని 36 మంది జబ్బుపడ్డారు. ఆవకాయలో వేసే వెల్లుల్లితో ఆ భయం లేదు, మామిడి పులుపులో ఊరుతుంది కనుక. కోడి, రొయ్య పచ్చళ్లలో మాంసానికి సొంత పులుపు లేదు. నిమ్మరసం పైమసాలాలో కలిసినంత త్వరగా ముక్క నడుమకు దిగదు. నీరంతా ఇగిరి ముక్క గట్టిపడేలా వేయించడమే పాతకాలపు జాగ్రత్త. మెత్తగా ఉండాలని వేపుడు తగ్గిస్తే లోపల తడి మిగులుతుంది. దాన్నే గాలి తీసిన ప్యాకెట్లో బిగించి విదేశాలకు పంపితే, బూజు రాకపోవచ్చు గానీ బొటులినమ్‌కు తగిన చోటు దొరికినట్టే. ఇలాంటి పచ్చడిని ఫ్రిజ్‌లోనే ఉంచి, త్వరగా ముగించాలి. బీపీ కోసం ఉప్పు తగ్గించి పెట్టిన ఆవకాయ కూడా ఫ్రిజ్‌లో ఉంటేనే మంచిది.

అమెరికా ఇళ్లలో కూరగాయలను సీసాల్లో వేడిచేసి మూత బిగించే పద్ధతి ఉంది. పులుపు లేని కూరగాయలకు మరిగే నీటి వేడి చాలదు. బొటులినమ్ బీజాలు 100 డిగ్రీలను తట్టుకుంటాయి. వాటిని చంపాలంటే ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. 2015లో ఒహాయో రాష్ట్రం లాంకాస్టర్‌లో ఒక చర్చి విందులో, ఇంట్లో మరిగే నీటిలోనే నిల్వచేసిన బంగాళాదుంపల సలాడ్ తిని 29 మంది ఆ విషం తెచ్చే బొటులిజం జబ్బు పాలయ్యారు, ఒకరు చనిపోయారు. బీజాలు మొండివే గానీ అవి చేసే విషం అంత మొండిది కాదు. పదినిమిషాలు బాగా మరిగిస్తే నశిస్తుంది. అయితే అనుమానమున్న సీసాను మరిగించి తినడంకన్నా పారేయడమే మేలు.

వడియాలు, అప్పడాలు, ఒరుగులకు ఎండే రక్ష. విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే తడి ఉన్నట్టు. వానాకాలంలో మెత్తబడితే మళ్లీ ఎండబెట్టవచ్చు, బూజు పడితే మాత్రం కాదు. ఎండుమిర్చికి, వేరుసెనగకు పట్టే కొన్ని బూజులు చేసే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. ఎండుచేపల విషయంలో ఎండబెట్టకముందు జరిగిందే ముఖ్యం. కానాగంతల వంటి చేపలు ఉప్పు తగలకుండా వేడిలో పడి ఉంటే హిస్టమిన్ అనే హానికర పదార్థం తయారవుతుంది, తర్వాత ఎంత ఎండబెట్టినా, వేయించినా పోదు.

బొటులిజం లక్షణాలు సాధారణంగా తిన్న 12 నుంచి 36 గంటల్లో బయటపడతాయి. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఆపై ఒళ్లు సడలడం. జ్వరం ఉండదు కాబట్టి మామూలు నీరసమనుకునే ప్రమాదముంది. ఊపిరి కండరాల దాకా పాకకముందే ఆసుపత్రికి చేరాలి. దీనికి విరుగుడు మందు ఉంది, ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. తిన్న పచ్చడిలో ఏమైనా మిగిలితే పారేయకుండా, మూత బిగించి పరీక్ష కోసం వెంట తీసుకెళ్లాలి.