దయ్యాలు: జాతులు, అలవాట్లు

దయ్యాలు లేవనేవారితో మనకు పేచీ లేదు. లేని వస్తువుకు ఇన్ని జాతులెలా వచ్చాయన్నదే మన ప్రశ్న. శాస్త్రమన్నాక వర్గీకరణ ఉండాలి గదా! చిత్తగించండి.

మొదటిది కొరివి దయ్యం. నివాసం ఊరి చివర చిత్తడి నేల. ఆహారం కుళ్లిన ఆకులు. చీకట్లో నీలిమంటలా కనిపించి, దగ్గరకు పోతే మాయమవుతుంది. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జోరె సరస్సు ఒడ్డు బురదను కెలికి, పైకొచ్చిన బుడగలను సీసాలో పట్టాడు. నిప్పు చూపితే మండాయి. దయ్యాన్ని సీసాలో బిగించడం మన మంత్రగాళ్లకే చెల్లునా! ఆ వాయువు పేరు మీథేను. నిప్పు చూపకుండా అది ఎలా అంటుకుంటుందన్న దాని మీద మాత్రం పండితులు తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. దయ్యం మర్యాద ఆ మేరకు దక్కింది.

రెండవది గుండెల మీద కూర్చునే దయ్యం. తెల్లవారుజామున మెలకువ వస్తుంది గాని కాలూ చెయ్యీ కదలవు, నోరు పెగలదు. కలలు వచ్చే నిద్రలో మన అవయవాలను మెదడే కట్టివేస్తుంది. మనస్సు ముందు లేచి, ఆ కట్టు ఇంకా వీడకపోతే, ఆ సందులో దయ్యం వచ్చి కూర్చుంటుంది. కాసేపుండి, అద్దె ఇవ్వకుండానే పోతుంది.

మూడవది దండెం దయ్యం. పగలు చొక్కా, రాత్రి బ్రహ్మరాక్షసి. ఏ కాస్త ఆకారం దొరికినా అందులో ముఖాన్ని వెతుక్కోవడం మన మెదడుకు అలవాటు. 1976లో వైకింగ్-1 నౌక తీసిన ఫోటోలో అంగారకుడి మీది గుట్ట ఒకటి మనిషి ముఖంలా కనిపించింది. 2001లో మరింత స్పష్టంగా తీసిన ఫోటోలో మిగిలింది గుట్టే. తాడును చూచి పామనుకోవడం గురించి మన వేదాంతులు ఏనాడో చెప్పారు. దీపం తెచ్చేవరకు తాడు బుస కొడుతూనే ఉంటుంది.

ఈ మూడూ సాధుజంతువులు. నాలుగవదాని దారి వేరు. అది ఒంటరిగా తిరగదు. నలుగురి కళ్లలో ఒక్కసారే దూరుతుంది. దానికి చొక్కా చాలదు, మనిషి కావాలి. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలని, మంత్రగాళ్లని నేరం మోపి 19 మందిని ఉరితీశారు. అంత దూరం పోనక్కరలేదు. బిడ్డకు జ్వరం తగ్గలేదని, దిక్కులేని ముసలమ్మ మీద చేతబడి నెపం వేసి ప్రాణం తీసిన వార్తలు మన పత్రికల్లోనూ చదివినవే.

చిత్రమేమిటంటే, దయ్యం మనిషిని చంపినట్లు ఇంతవరకు రుజువు లేదు. దయ్యాన్ని చూశామన్న మనుషులు చంపినట్లు కోర్టు రికార్డులే ఉన్నాయి.

కనుక ఈ శాస్త్రంలో ప్రయోగం ఒక్కటే. చీకట్లో ఏదైనా కనిపిస్తే ముందు దీపం తెండి. కర్ర సంగతి తరవాత చూద్దాం.