డ్రయర్‌కు ఊపిరాడకపోతే

ముసురు పట్టిన రోజుల్లో దండెం మీది బట్టలు రెండు రోజులైనా చెమ్మగానే ఉంటాయి. వేసవి వడగాలికి గంటలో ఫెళఫెళలాడతాయి. నీటిని ఆవిరి చేసేది వేడి. ఆ ఆవిరిని మోసుకుపోయేది గాలి. ఏది లేకున్నా బట్ట ఆరదు.

1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషోన్ అనే ఆయన చిల్లుల పీపాలో తడిబట్టలు వేసి, నిప్పు మీద చేత్తో తిప్పే యంత్రం చేశాడు. దాని పేరు ‘వెంటిలేటర్’. అందులో బట్టలకు పొగ వాసన పట్టేది, ఒక్కోసారి మాడేవి కూడా. 1892లో అమెరికాలో నల్లజాతి ఆవిష్కర్త జార్జ్ టి. సాంప్సన్, స్టౌ వేడికి బట్టలు ఆరేసే చట్రాలకు పేటెంట్ పొందాడు. గడ్డకట్టే చలికి పేరుపడ్డ నార్త్ డకోటాకు చెందిన జె. రాస్ మూర్ డ్రమ్ము తిరిగే డ్రయర్ రూపొందించాడు. 1938లో హామిల్టన్ సంస్థ దాన్ని ‘జూన్ డే’ పేరుతో అమ్మింది. అక్కడ జూన్ అంటే ఎండ కాసే నెల మరి!

గాలిని ఇంటి బయటికి వదిలే నేటి డ్రయర్‌లోనూ సూత్రం అదే. పంకా గాలిని లాగుతుంది, హీటర్ వేడెక్కిస్తుంది, తేమగాలి గొట్టంలోంచి బయటికి పోతుంది. బట్టలు సరిగా ఆరకపోతే చాలామంది హీటర్‌నే అనుమానిస్తారు. ముందు చూడాల్సింది గాలి దారి. బట్టల నూగును పట్టే జల్లెడను దులపాలి. బట్టలు మెత్తగా ఉండాలని డ్రయర్ షీట్లు వాడేవారి జల్లెడ మీద కంటికి కనబడని జిడ్డు పొర పేరుకుంటుంది. దాని మీద నీళ్లు పోసి చూడండి; నిలిచిపోతే సబ్బుతో కడగాల్సిందే. వెనక గొట్టం నలిగిందేమో, గోడ బయటి మూత తెరుచుకుంటోందో లేదో కూడా చూడాలి.

వాషర్ సరిగా పిండకపోయినా బరువంతా డ్రయర్ మీదే పడుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి.

డ్రమ్ము తిరుగుతున్నా వేడి బొత్తిగా లేదా? అమెరికాలో సాధారణంగా ఎలక్ట్రిక్ డ్రయర్ మోటారుకు 120 వోల్టులు, హీటర్‌కు 240. డ్రయర్‌కు కరెంటు తెచ్చే రెండు లైన్లలో ఒకటి పోతే మోటారు నడుస్తూనే ఉండవచ్చు, హీటర్ మాత్రం చల్లబడుతుంది. బ్రేకర్ బాగానే ఉంటే, వేడి మితిమీరినప్పుడు కరెంటును ఆపే థర్మల్ ఫ్యూజ్ కాలి ఉండవచ్చు. అది మెకానిక్ పని. అయితే కొత్త ఫ్యూజ్ వేయించి ఊరుకోకండి. గాలి ఆడక లోపల వేడి పెరిగినప్పుడే అది తరచుగా కాలుతుంది.

నూగు ఇట్టే అంటుకునే సరుకు. అందుకే ప్రతిసారీ బట్టలు వేసే ముందు జల్లెడ దులపండి. ఏడాదికోసారైనా గొట్టం శుభ్రం చేయించండి.