ముట్టుకోకూడని ముఖం

విజయవాడలోనో వరంగల్‌లోనో ఏళ్ల తరబడి పార్లర్ నడిపిన చెయ్యి. దారం బిగించిందంటే నిమిషాల్లో కనుబొమలు తీర్చి దిద్దేస్తుంది. అదే చెయ్యి డాలస్‌లో ఫేషియల్ చేసి డబ్బు తీసుకోవాలంటే ముందు 750 గంటలు బడికి వెళ్లాలి, ఆపైన పరీక్ష రాయాలి. టెక్సస్‌లో ఎస్తెటీషియన్ లైసెన్సుకు దారి ఇదే. ఆ పరీక్ష తెలుగులో ఉండదు. వచ్చిన పనికి మళ్లీ చదువేంటని ఎవరైనా అడిగితే తప్పుపట్టలేం.

ఆ ప్రశ్న ఒకసారి కోర్టు దాకా వెళ్లింది. త్రెడింగ్ చేసుకు బతికేవాళ్లకూ 750 గంటలు కావాలని రాష్ట్రం పట్టుబడితే, కొందరు 2009లో దావా వేశారు. ఆ 750లో సుమారు 320 గంటల పాఠాలకు వాళ్లు చేసే పనితో సంబంధమే లేదని తేలింది. 2015 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు 6-3 తేడాతో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ‘పటేల్’ కేసుగా అది ప్రసిద్ధం. ఇప్పుడక్కడ త్రెడింగ్ ఒక్కటే చేసేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు. న్యాయమైన తీర్పు. కానీ వేడి వాక్స్, ఆమ్లాలతో చేసే పీలింగ్, కరెంటుతో నడిచే మిషన్లు దారం లాంటివి కావు. అక్కడ చదువు ఉండి తీరాలి.

ఏం చదవాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. మసాజ్‌లో చేతి కదలికలు, ప్యాక్‌ల రకాలు బట్టీ పడతారు. ఎన్‌ఐసీ అనే సంస్థ తయారుచేసే, చాలా రాష్ట్రాలు వాడే రాత పరీక్షలో సగానికి పైగా మార్కులు సైన్సువి: సూక్ష్మజీవులు, చర్మం పొరలు, రసాయనాలు, విద్యుత్తు. అందం ఎలా తేవాలన్నదాని కంటే హాని ఎలా జరగకూడదన్నదే ఎక్కువగా అడుగుతారు.

వాక్సింగ్ పుల్లనే తీసుకోండి. చర్మానికి తాకిన పుల్లను మళ్లీ వాక్స్‌లో ముంచకూడదు. వాక్స్ వేడికి క్రిములన్నీ చావవు. ఒకరి చర్మం మీదివి ఆ గిన్నెలోంచి తర్వాత వచ్చే మనిషికి అంటుకుంటాయి. ట్వీజర్ సంగతీ అంతే. ముందు సబ్బునీళ్లతో కడగాలి, ఆ తర్వాతే క్రిమిసంహారక ద్రావణంలో పూర్తిగా మునిగేలా ఉంచాలి, సీసా మీద రాసినంత సేపూ ఉంచాలి. మురికి పోకుండా మందు పనిచేయదు. పరీక్షలో నాలుగు జవాబులూ మంచి పనుల్లాగే కనిపిస్తాయి, ‘మొదట ఏది?’ అన్న మాట దగ్గరే మార్కు పోతుంది.

ఇక అసలైన పాఠం, ఎవరి ముఖం ముట్టుకోకూడదన్నది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్న అమ్మాయికి వాక్సింగ్ చేస్తే వెంట్రుకతోపాటు చర్మమూ ఊడి రావచ్చు. పెదవి మీద హెర్పిస్ పొక్కు ఉంటే ఆ రోజు ఫేషియల్ లేదు. థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మ వైద్యుడు 1975లో మొదలుపెట్టిన చర్మాల వర్గీకరణలో ఇప్పుడు ఆరు రకాలున్నాయి. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఇలాంటి చర్మం కాస్త కమిలినా నెలల తరబడి నల్లమచ్చ నిలిచిపోతుంది. పెళ్లికి ముందు ఘాటైన బ్లీచ్ వేయించుకుని ఏడ్చిన ముఖాలను చూసినవాళ్లకు ఈ అధ్యాయం ఒక్కసారి చదివితే చాలు, మనసులో నాటుకుపోతుంది. ఇక్కడ మన అనుభవం మనకు బలం.

కాబట్టి కారణాన్ని తెలుగులో అర్థం చేసుకోండి, పేరును ఇంగ్లిష్‌లో గుర్తుపెట్టుకోండి. ఏ అంశానికి ఎన్ని ప్రశ్నలో చెప్పే పరీక్ష బులెటిన్ ఉచితంగానే దొరుకుతుంది. పాఠ్యపుస్తకం తెరిచేముందు అది చదవండి. ఎక్కడెక్కడివో ప్రశ్నల కట్టలు కొని వల్లెవేయడం డబ్బు దండగ.

ఫీజు కట్టేముందు ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. లైసెన్స్ వేరు, పనిచేసే అనుమతి వేరు. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లకు ఆ అనుమతి పత్రం (ఈఏడీ) లేకపోతే లైసెన్స్ చేతికొచ్చినా సంపాదించే వీల్లేదు. రెండోది, రాష్ట్రం మారితే లెక్కా మారుతుంది. కాలిఫోర్నియాలో 600 గంటలు, ప్రాక్టికల్ పరీక్షను 2022 నుంచి తీసేశారు. జార్జియాలో 1000 గంటలు. భర్త ప్రాజెక్టు డాలస్ నుంచి అట్లాంటాకు మారిందంటే ఆ 250 గంటల తేడా మీ నెత్తిన పడొచ్చు. అందుకే బడి విడిచేరోజే గంటల ధ్రువపత్రం చేతికి తీసుకోండి, కొత్త రాష్ట్రం బోర్డుకు ముందే రాసి అడగండి.